పూర్తికాలం సేవకు వచ్చినవారికి ఒక ఇల్లు

ఏ సేవా సంస్థ వార్షిక లెక్కలైనా తీసి చూడండి. రేషన్ కిట్లకు ఇంత, ఉపకార వేతనాలకు ఇంత, వితంతువుల పింఛన్లకు ఇంత, వైద్య సహాయానికి ఇంత అని పద్దులు వరుసగా ఉంటాయి. ఆ పద్దుల్లో కనబడని ఖర్చు ఒకటుంది. ఆ కిట్లు మోసినవాడు, ఆ దరఖాస్తులు నింపినవాడు, అర్ధరాత్రి ప్రభుత్వాసుపత్రిలో రోగి పక్కన నిలబడినవాడు ఏ ఇంట్లో ఉంటున్నాడు? ఆ ఇంటికి అద్దె ఎవరు కడుతున్నారు? చాలా సందర్భాల్లో తండ్రో, అన్నో కడుతుంటారు. వాళ్లు కట్టగలిగినంత కాలం అతను సేవలో ఉంటాడు. కట్టలేని రోజు వచ్చినప్పుడు వెళ్లిపోతాడు.

పూర్తికాలం సేవ చేసేవారికి తక్కువ అద్దెకు ఇల్లు సమకూర్చడం కూడా సేవా ఖర్చులో భాగమేనని దాతల ముందు ఉంచడానికే ఈ వ్యాసం. దీనికి మన ధర్మంలో ఆధారం ఉంది. పద్ధతిగా చేస్తే మన స్తోమతకు అందే పనే. అయితే ఏ డబ్బుతో చేయాలి, ఏ నియమాలతో చేయాలి అన్నవి ముందే తేల్చుకోవాలి.

ఎవరీ పూర్తికాల కార్యకర్తలు?

మన దగ్గర సేవ చేసేవారు రెండు రకాలు. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ ఆదివారాలు, సెలవు రోజులు, రమజాన్ నెలలో వచ్చి పనిచేసేవారు మొదటి రకం. వీరే ఎక్కువ మంది. వీరికి సంస్థ ఇల్లు చూపించనక్కరలేదు.

రెండో రకం వారు చాలా తక్కువ. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి ఓపీ చీటీ దగ్గర నుంచి ఆరోగ్యశ్రీ కౌంటర్ దాకా పల్లెల నుంచి వచ్చిన రోగులను వెంటబెట్టుకుని తిరిగేవారు వీరు. మీసేవ కేంద్రాల చుట్టూ ఆదాయ ధ్రువీకరణ పత్రాల కోసం తిరుగుతారు. సాయంత్రం ట్యూషన్ సెంటర్ తెరుస్తారు. దిక్కులేని మయ్యిత్ ఉందని కబురొస్తే గుస్ల్‌కు, కఫన్‌కు పరుగెత్తుతారు. ఈ పనులకు వేళాపాళా ఉండదు. వీటితోపాటు మరో ఉద్యోగం చేయడం కుదరదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన రోజులు అందరికీ గుర్తుండే ఉంటాయి. అటువంటి వేళ అన్నం పొట్లాలు పంచడానికి ఎందరో ముందుకొస్తారు. నీళ్లు తీశాక తడిసిపోయిన కాగితాలకు నకళ్లు తీయించాలి, నష్టపరిహారం జాబితాలో పేరుందో లేదో చూడాలి, పిల్లవాడికి మళ్లీ పుస్తకాలు కొనివ్వాలి. ఇది నెలల తరబడి సాగే పని. అప్పటికి ఆదివారం కార్యకర్తలు తమ ఉద్యోగాలకు వెళ్లిపోయి ఉంటారు. మిగిలేది పూర్తికాలం వారే.

ఎందుకు నిలవలేకపోతున్నారు?

పెళ్లికాని కుర్రవాడు తల్లిదండ్రుల ఇంట్లో ఉంటాడు, లేదా మస్జిద్ పక్క గదిలో సర్దుకుంటాడు. సంస్థ ఇచ్చే కొద్దిపాటి గౌరవ వేతనం అతని చేతి ఖర్చుకు సరిపోతుంది. ఇరవై ఆరో ఏటో, ఇరవై ఏడో ఏటో నికాహ్ అవుతుంది. వేరు కాపురానికి ఇల్లు కావాలి. ఇంటివారు రెండు మూడు నెలల అడ్వాన్సు అడుగుతారు. కొన్ని పేటల్లో పేరు వినగానే ఇల్లు లేదంటారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో ఇరుకు గదికి కూడా గిరాకీ ఎక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. గౌరవ వేతనం నెలకు 12,000 రూపాయలు, చిన్న పోర్షన్‌కు అద్దె 6,000 అనుకుందాం. సగం అద్దెకే పోతుంది. కుటుంబ ఆదాయంలో అద్దె 30 శాతం దాటితే భారమని సాధారణంగా లెక్కగడతారు. ఇక్కడ 50 శాతం. మిగిలిన 6,000తో బియ్యం, పాలు, కరెంటు బిల్లు, పిల్లల మందులు జరగాలి. ఇటువంటి స్థితిలో అతను గల్ఫ్‌కో, డెలివరీ పనికో వెళ్లిపోతే అతనిలో చిత్తశుద్ధి లేదనగలమా?

అతను వెళ్లిపోయినప్పుడు సంస్థ పోగొట్టుకునేది ఒక్క మనిషిని కాదు. ఏ వార్డులో ఎవరిని అడగాలి, ఏ ఆఫీసులో ఏ కాగితం పెట్టాలి, ఏ వీధిలో ఏ వితంతువు నోరు తెరిచి అడగదు అన్న తెలివిడి అంతా అతనితోనే పోతుంది. కొత్తగా వచ్చినవాడికి అది వంటబట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో నష్టపోయేది మనం సాయం చేయాలనుకున్న పేదలే.

నేను ఉపాధ్యాయుడిని. మా జీతం బిల్లులో మూల వేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వేర్వేరు వరుసల్లో ఉంటాయి. పనిచేసే మనిషికి తిండి ఖర్చు వేరు, నీడ ఖర్చు వేరు అని ప్రభుత్వం ఏనాడో గుర్తించింది. సేవా సంస్థల్లో మాత్రం ఆ వరుస ఇంకా రాలేదు.

మన చరిత్రలో దీనికి ఉన్న స్థానం

"సేవ అల్లాహ్ కోసం చేసేది కదా, దానికి ఇల్లూ వాకిలీ ఎందుకు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం మదీనాలోనే దొరుకుతుంది.

మస్జిదె నబవీ వెనుక భాగంలో కప్పు వేసిన ఒక చోటు ఉండేది. దాని పేరు సుఫ్ఫా. ఇల్లూ, ఆస్తీ, బంధువులూ లేని సహాబీలు అక్కడ ఉండేవారు. ధర్మవిద్య నేర్చుకోవడం, దైవప్రవక్త (స) అప్పగించిన పనులు చేయడం వారి దినచర్య. ఇద్దరికి సరిపడా భోజనం ఉన్నవారు మూడో మనిషిగా సుఫ్ఫా వారిని ఇంటికి తీసుకువెళ్లాలని ప్రవక్త (స) చెప్పేవారు. దివ్యఖుర్ఆన్ 2వ సూరా 273వ ఆయతులో, అల్లాహ్ మార్గంలో నిమగ్నమై బతుకుతెరువు కోసం తిరగలేని పేదల ప్రస్తావన ఉంది. ఎవరినీ పట్టుబట్టి అడగరు కాబట్టి, తెలియనివాడు వారిని కలిగినవారే అనుకుంటాడన్నది అందులోని భావం. పలువురు ముఫస్సిర్లు ఈ ఆయతు వివరణలో సుఫ్ఫా వారిని పేర్కొన్నారు.

ఆ సుఫ్ఫాలో ఉన్నవారిలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఒకరు. ముహాజిర్ సోదరులు బజారులో వ్యాపారాల్లో, అన్సారీ సోదరులు తమ ఆస్తిపాస్తుల పనుల్లో ఉన్నప్పుడు, కడుపు నిండితే చాలునని తాను ప్రవక్త (స) వెంటే ఉండేవాడినని ఆయనే చెప్పుకున్నారు. ఆయన ద్వారా మనకు చేరిన హదీసులు 5,000కు పైనే. మదీనా సమాజం ఒక మనిషికి ఇచ్చిన ఆ నీడ ఫలితాన్ని పద్నాలుగు శతాబ్దాలుగా యావత్తు ఉమ్మత్ అనుభవిస్తోంది.

హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వ్యాపారి. ఖలీఫా అయ్యాక వ్యాపారం చూసుకోవడం కుదరలేదు. తన వృత్తి తన కుటుంబానికి సరిపోయేదేనని, ఇప్పుడు ముస్లింల పనిలో ఉన్నందున తన ఇంటివారు బైతుల్‌మాల్ నుంచి తింటారని ఆయన బహిరంగంగానే చెప్పారు. అది ఆయన చిత్తశుద్ధికి లోటని ఎవరూ అనుకోలేదు.

ఇంటి విషయం సూటిగా వచ్చే హదీసు సుననె అబూదావూద్‌లో ఉంది. దాన్ని ఉల్లేఖించినవారు హజ్రత్ ముస్తౌరిద్ బిన్ షద్దాద్ (రజి). సమాజం తరఫున పని అప్పగించబడిన మనిషికి భార్య లేకపోతే వివాహానికి, పనివాడు లేకపోతే పనివాడికి, ఇల్లు లేకపోతే ఇంటికి ఏర్పాటు చేసుకోవచ్చని, అంతకు మించి తీసుకుంటే అది ద్రోహమని దాని సారాంశం. ఇది అధికార బాధ్యతల్లో ఉన్నవారి గురించి వచ్చిన మాట. అయినా అందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఇల్లు విలాసం కాదు, అవసరం. ఆ అవసరానికి ఒక హద్దు కూడా ఉంది.

ఇతర సమాజాలు ఏం చేశాయి?

గోపాలకృష్ణ గోఖలే 1905లో పూణేలో సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీని స్థాపించినప్పుడు, దేశసేవకు జీవితం ఇచ్చే సభ్యుల కుటుంబ పోషణకు సొసైటీయే ఏర్పాటు చేసింది. ఆ ఏర్పాటుతో తృప్తిపడాలన్నది సభ్యులు చేసే ప్రమాణాల్లో ఒకటి. లాలా లజపతిరాయ్ 1921లో లాహోర్‌లో స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ది పీపుల్ సొసైటీ కూడా ఇదే బాట పట్టింది. తర్వాత ప్రధానమంత్రి అయిన లాల్ బహదూర్ శాస్త్రి అందులో జీవిత సభ్యుడు. సొసైటీ ఇచ్చే నెలసరి భత్యంతో ఆయన సంసారం నడిచేది.

బ్రిటన్‌లో 1962లో అలెక్ డిక్సన్ దంపతులు మొదలుపెట్టిన కమ్యూనిటీ సర్వీస్ వాలంటీర్స్ అనే సంస్థ యువతీయువకులను పూర్తికాలం సేవకు పంపేది. జీతం ఉండదు. వసతి, భోజనం, కొద్దిగా చేతి ఖర్చు ఉంటాయి. వసతి ముందే కుదిరింది కాబట్టి సామాన్య కుటుంబాల పిల్లలు కూడా రాగలిగారు. ఇది మనం గమనించవలసిన అంశం. ఇల్లు ఇవ్వకపోతే పూర్తికాలం సేవ ఇంటి దగ్గర కలిగిన పిల్లలకే మిగులుతుంది. పేదవాడి కష్టం తెలిసిన పేదింటి పిల్లవాడు బయటే ఉండిపోతాడు.

ఇల్లు వక్ఫ్ చేస్తే ఎంతకాలం పనికొస్తుందో మన ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. నిజాం పాలకుల కాలంలో మక్కాలో ఏర్పాటైన హైదరాబాద్ రుబాత్ ఉంది. పూర్వపు హైదరాబాద్ సంస్థానం ప్రాంతాల హాజీలు కొందరు లాటరీ ద్వారా ఎంపికై నేటికీ హజ్ రోజుల్లో అక్కడ అద్దె లేకుండా ఉంటున్నారు. సంస్థానం పోయింది, పాలకులు పోయారు. వక్ఫ్ మాత్రం పనిచేస్తూనే ఉంది.

ఏ డబ్బుతో చేయాలి?

దాతలు శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది.

జకాత్ సొమ్ముతో కార్యకర్తల ఇళ్లు కట్టరాదు. హనఫీ ఫిఖ్‌హ్‌లో జకాత్ చెల్లడానికి తమ్లీక్ షరతు. అంటే అర్హుడైన పేదవాడిని ఆ సొమ్ముకు యజమానిని చేయాలి. సంస్థ ఆస్తిగా ఉండే భవనంలో ఎవరూ యజమాని కారు. ఒక పేదవాడిని ఇంట్లో ఉచితంగా ఉంచి ఆ అద్దెను జకాత్ కింద లెక్కవేసుకోవడం కూడా చెల్లదు. సదఖయె ఫిత్ర్‌కూ, అమ్మిన ఖుర్బానీ చర్మాల సొమ్ముకూ ఇదే నియమం వర్తిస్తుంది. జకాత్‌ను పనికి ప్రతిఫలంగా, జీతంగా ఇవ్వడం కూడా సరికాదు. కార్యకర్త స్వయంగా జకాత్‌కు అర్హుడైతే, పనితో ముడిపెట్టకుండా అతని చేతికి ఇవ్వవచ్చు. దానితో అతను అద్దె కట్టుకుంటాడా, అప్పు తీర్చుకుంటాడా అన్నది అతని ఇష్టం. 9వ సూరా 60వ ఆయతులో జకాత్ వసూలు పనిచేసేవారి వాటా ఉంది కదా అని కొందరు అడుగుతారు. నేటి సంస్థలకు అది ఎంతవరకు వర్తిస్తుందో మీ ముఫ్తీ సాహెబ్ చెప్పాలి, కమిటీ తీర్మానం చాలదు.

కాబట్టి ఈ పనికి నఫిల్ సదఖా, లిల్లాహ్ విరాళాలు, వక్ఫ్ తగినవి. ఖైబర్‌లో దొరికిన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, అసలును అట్టేపెట్టి దాని ఫలాన్ని దానం చేయమని ప్రవక్త (స) సలహా ఇచ్చారు. వక్ఫ్ అంతా ఆ మూలం మీదే నిలబడింది. హజ్రత్ జుబైర్ (రజి) తన ఇళ్లను వక్ఫ్ చేసి, విడాకులు పొంది తిరిగి వచ్చిన కుమార్తెలు వాటిలో ఉండవచ్చని నిర్ణయించారు. ఫలానా రకం మనుషులు ఉండటానికని ఇంటిని వక్ఫ్ చేయడం అంత పాత పద్ధతి.

ఇప్పటికే వక్ఫ్ బోర్డు కింద ఉన్న ఆస్తిలో కార్యకర్తలను ఉంచదలిస్తే బోర్డు అనుమతి, లీజు నియమాలు తప్పనిసరి. ముతవల్లీ నోటిమాట మీద ఆధారపడకూడదు.

కట్టడమా, అద్దె భరించడమా?

పై లెక్కనే ముందుకు తీసుకెళదాం. నెలకు 6,000 అద్దె ఏటా 5 శాతం పెరిగితే పదేళ్లలో కట్టేది 9 లక్షలు దాటుతుంది. కార్యకర్త నెలకు 1,500 చొప్పున 1,80,000 కడితే సంస్థ భరించేది సుమారు 7 లక్షల 25 వేలు. సంస్థకు సొంత భవనం ఉండి, పై అంతస్తుకు అనుమతి దొరికితే 400 చదరపు అడుగుల పోర్షన్‌కు చదరపు అడుగుకు 2,000 చొప్పున 8 లక్షలు. పదేళ్ల తర్వాత మొదటి పద్ధతిలో చేతిలో ఏమీ మిగలదు. రెండో పద్ధతిలో ఇల్లు మిగులుతుంది. ఇవి నమూనా అంకెలే. మీ ఊరి ధరలు వేసి చూసుకోండి. సొంత స్థలం లేని సంస్థకు ముందు అద్దె భరించడమే మేలు.

పూర్తిగా ఉచితం చేయకుండా 1,500 ఎందుకు తీసుకోవాలి? అది గౌరవ వేతనంలో ఎనిమిదో వంతు. ఆ మాత్రం కడితే ఉండేవారికి తల వంచుకోవలసిన పని ఉండదు. నాలుగు పోర్షన్లుంటే ఏడాదికి 72,000 వస్తుంది. సున్నాలు, పైపులు, మోటారు మరమ్మతులకు మళ్లీ చందాలు అడగనక్కరలేదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పెద్ద మొత్తం ఇంటి యజమాని చేతిలో పెట్టి అద్దె లేకుండా ఉండి, వెళ్లేటప్పుడు మొత్తం తిరిగి తీసుకునే పద్ధతి మన పట్టణాల్లో ఉంది. అప్పు ఇచ్చి దానిమీద లాభం పొందడం వడ్డీ కిందకే వస్తుందని ఎక్కువమంది ఉలమా అంటారు. చౌకగా ఉందని సంస్థ ఆ దారి పట్టకూడదు.

నియమాలు లేకుండా మొదలుపెట్టవద్దు

"ఒకసారి ఇల్లిస్తే మళ్లీ ఖాళీ చేయరు" అన్నది దాతల ప్రధాన భయం. సహేతుకమైన భయమే. నియమాలు మొదటి రోజే కాగితం మీద ఉంటే అది చాలావరకు తీరుతుంది.

మొదటిది, ఎవరికి ఇవ్వాలన్నది. కనీసం ఏడాది పూర్తికాలం పనిచేసి, ఆ ఊళ్లో సొంత ఇల్లు లేనివారికే ఇవ్వాలి. కమిటీ సభ్యుల బంధువులకు ఇవ్వకూడదు. ట్రస్టీలు, వారి దగ్గరి బంధువులు సంస్థ ఆస్తిని తక్కువ అద్దెకు వాడుకుంటే ఆదాయపు పన్ను మినహాయింపు కూడా దెబ్బతింటుంది.

రెండోది, ఒప్పందం. కిరాయిదారు హక్కులిచ్చే లీజు కాకుండా, సేవలో ఉన్నంతకాలం నివసించడానికి అనుమతిచ్చే లైసెన్సు ఒప్పందం న్యాయవాది చేత రాయించాలి. ఏటా కొత్తగా రాసుకోవాలి. అద్దెకు రసీదు ఇవ్వాలి.

మూడోది, వెళ్లిపోయే పద్ధతి. సేవ మానినవారికి మూడు నెలల గడువు ఉండాలి. కార్యకర్త మరణిస్తే ఆ ఇల్లాలి విషయంలో తొందర కూడదు. ఆమె ఇద్దత్ 4 నెలల 10 రోజులు. ఆ కాలం ఆమె భర్తతో ఉన్న ఇంట్లోనే గడపాలి. అందువల్ల కనీసం ఏడాది గడువు రాసి ఉంచడం మంచిది.

నాలుగోది, మహిళా కార్యకర్తలు. కుట్టు కేంద్రాల్లో, ప్రసూతి వార్డుల్లో, బాలికల చదువుల్లో పూర్తికాలం పనిచేసే మహిళల్లో ఒంటరి తల్లులు కూడా ఉంటారు. అద్దె ఇల్లు దొరకడం వారికి మరీ కష్టం. ఇంటి ఒప్పందం వారి పేరుతోనే ఉండాలి. కుటుంబాలు నివసించే వరుసలోనే వారి పోర్షన్ ఉండాలి.

ఐదోది, లెక్క. ఈ పద్దును మిగతా పద్దులతో కలపకుండా వేరుగా చూపాలి. ఎన్ని ఇళ్లు, ఎంత అద్దె వచ్చింది, మరమ్మతులకు ఎంత పోయింది, ఎంతమంది ఎన్నేళ్లు నిలిచారు అన్నవి ఏటా దాతలకు తెలియాలి.

దాతలు చేయగలిగినవి

అందరూ లక్షలు ఇవ్వనక్కరలేదు. మీ ఇంటి మేడమీద ఖాళీగా ఉన్న పోర్షన్‌ను రెండు మూడేళ్లపాటు సంస్థకు ఉచితంగానో, తక్కువ అద్దెకో వాడుకోనివ్వండి. ఉచితంగా వాడుకోనివ్వడాన్నే ఫిఖ్‌హ్‌లో ఆరియత్ అంటారు. ఇల్లు మీదే, దాని వాడుక పుణ్యం మీదే.

అది లేకపోతే ఒక కార్యకర్త అద్దె అడ్వాన్సును ఖర్జె హసనాగా ఇవ్వండి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ సొమ్ము మీకు తిరిగి వస్తుంది, లేదా మరో కార్యకర్తకు ఉపయోగపడుతుంది. నలుగురు స్నేహితులు కలిసి ఒక ఇంటి అద్దె తేడాను ఏడాదిపాటు పంచుకోవచ్చు. మొదటి ఏడాది నెలకు 4,500 తేడా అయితే ఒక్కొక్కరికి 1,125 పడుతుంది.

స్తోమత ఉన్నవారు గతించిన తల్లిదండ్రుల ఈసాలె సవాబ్ కోసం ఒక గదిని, ఒక పోర్షన్‌ను, లేదా ఇటుకల సిమెంటు ఖర్చును ఇవ్వవచ్చు. మనిషి చనిపోయాక కూడా అతనికి చేరే పుణ్యకార్యాల్లో బాటసారుల కోసం కట్టిన ఇంటిని ప్రవక్త (స) పేర్కొన్నట్లు సుననె ఇబ్నె మాజాలో ఉంది. ఇల్లు లేదా స్థలం ఇచ్చేవారు ఏ ప్రయోజనానికి ఇస్తున్నారో దస్తావేజులో స్పష్టంగా రాసి రిజిస్టరు చేయించండి. పన్ను మినహాయింపు కావాలనుకునేవారు చెక్కుగానో, బ్యాంకు ద్వారానో ఇవ్వండి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు రాదు.

ఈసారి ఏ సంస్థకైనా చందా రాసేముందు ఒక్క మాట అడగండి: "మీ దగ్గర పూర్తికాలం పనిచేసే పిల్లలు ఎక్కడ ఉంటున్నారు?" ఆ ప్రశ్న దాతల నోట వస్తే కమిటీలు సమాధానం వెతుక్కుంటాయి. ఒక్క ఇంటితో మొదలుపెట్టినా చాలు, ఒక అనుభవజ్ఞుడైన కార్యకర్త మరో పదేళ్లు మన పేదల వెంట ఉంటాడు.

తన దాసుల సేవలో ఉన్నవారికి అల్లాహ్ నీడనిచ్చుగాక. ఆ నీడలో మనకూ ఒక ఇటుక పెట్టే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.